ఓబులేసు గొర్రెల రక్తం తాగిందెవరు

నాలుగేళ్ల కిందట, ముసురు పట్టి వదిలిన కార్తీకంలో, మైదుకూరు దగ్గరి ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఒక పొద్దున గొర్రెల కాపరి ఓబులేసు చచ్చిన గొర్రెను బండి మీద తెచ్చి ఆసుపత్రి ముందర దించాడు. ఆ వారంలో అది ఐదోది.

"మస్తాన్ విషం పెట్టినాడు మేడం. మీరు రాసియ్యండి, స్టేషన్‌కు పోతాండా."

మస్తాన్ పక్క పొలం మిరప రైతు. గొర్రెలు చేలో పడ్డాయని ఇద్దరూ అంతకుముందే కొట్లాడుకున్నారు. గట్టు మీద దొరికిందని ఓబులేసు పురుగుమందు డబ్బా కూడా చూపించాడు. నిజం చెప్పాలంటే నా అనుమానమూ మస్తాన్ మీదికే పోయింది.

కానీ గొర్రె కనురెప్ప తిప్పి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దవడ కింద నీరు దిగింది. పురుగుమందు తిన్నదైతే నురగ కక్కి, కొట్టుకుని చస్తుంది. పోస్ట్‌మార్టం చేశాను. గొర్రెకుండే నాలుగు పొట్టల్లో చివరిది కోయగానే అంగుళం పొడవు దారాల్లాంటి పురుగులు, ఎరుపూ తెలుపూ కలిపి పేనినట్టు, ఇంకా కదులుతున్నాయి. హీమాంకస్ అంటాం. పొట్ట గోడను పట్టుకుని రక్తం తాగే గుండ్రటి పురుగు. దాని గుడ్లు పెంటికలతో నేల మీద పడి, తడికి పిల్లలై గడ్డి పరకలెక్కుతాయి. గొర్రె గడ్డితోపాటు వాటినీ మేస్తుంది.

ఓబులేసు నమ్మలేదు. "పోయిన నెల మీరే గదా కడుపులో పురుగులకు మందు తాపిచ్చినారు. మళ్లా ఇవి యాడనుంచి వచ్చినాయి? మస్తాన్ గానీ మిమ్మల్ని కలిసినాడా?"

ఒళ్లు మండింది. అయినా అతని మొదటి ప్రశ్న సంగతి తేల్చాలనుకున్నాను. గట్టిగా ఉన్న ఆరు గొర్రెలకు పోయిన నెల ఇచ్చిన మందే, మిగతా మందకు వేరే రకం తాగించాను. రెండు వారాలకు పెంటికలు మైక్రోస్కోప్ కింద చూశాను. మిగతా మంద పెంటికల్లో పురుగు గుడ్లు దాదాపు లేవు. ఆ ఆరు గొర్రెల పెంటికల్లో మాత్రం తగ్గలేదు. మా ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఒకటే మందు ఇస్తున్నాం. దానికి చావని పురుగులే మిగిలి పిల్లల్ని పెట్టాయి.

"తప్పు మస్తాన్‌ది కాదు. ఆ డబ్బా మిరపకు కొట్టిన మందుదే అయ్యుంటుంది. నేనిచ్చిన మందు పనిచేయలేదు," అన్నాను.

"మస్తానే విషం పెట్టినాడని ఊరంతా చెప్పినా మేడం. ఇప్పుడు ఏ మొగం పెట్టుకొని వాని కాడికి పోయేది?"

మస్తాన్ ఇంటికి ఇద్దరం కలిసే వెళ్లాం. మస్తాన్ కూర్చోమనలేదు. "ఈ మాట కాగితం మీద రాసిస్తారా?" అని నన్నే అడిగాడు. అక్కడే రాసి, సంతకం పెట్టిచ్చాను.

ఇప్పుడు ఏ మందకు మందు తాగించినా రెండు వారాలకు పెంటికలు తెమ్మంటాను. సీసా మీద రాసింది నమ్మి పంపేయను.