ఆరున్నొకటి

మా ఆయన్ని గోదాములో అందరూ కాటా అంటారు. పశువుల దాణా బస్తాలు లారీ ఎక్కాలంటే ముందు ఆయన కాటా ఎక్కాలి. బస్తా పడగానే ముల్లు వంక ఒక చూపు, వెంటనే అది ఎన్నో బస్తానో గట్టిగా ఒక అంకె. అవతల రాసుకునేవాడు ఆ కేక విని గీత గీస్తాడు. నాలుగు, అయిదు, ఆరు అని పైకప్పు అదిరేలా అరిచే మనిషి, ఆ తర్వాతి బస్తాకి మాత్రం గొంతు తగ్గించి "ఆరున్నొకటి" అంటాడు. ఏడు అనడు. కాటా దగ్గర ఆ మాట అంటే ఏడుపుని పిలిచినట్టేనని, పని నేర్పిన పెద్దమేస్త్రి చెప్పాడట. మా ఆయన తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. ఆ మాటని గోదాములో వదలకుండా ఇంటిదాకా మోసుకొచ్చాడు.

మొదట్లో నేను నవ్వేదాన్ని. మా పాప నెలలు నిండకుండా పుట్టాక నవ్వడం మానేశాను. దాన్ని ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టి, వారం గడిస్తే గండం గడిచినట్టే అన్నారు. ఆ వారమంతా ఆయన పెట్టె పక్కనే నిలబడ్డాడు. ఆఖరి రోజు నర్సు "ఇవాళ్టికి..." అని లెక్క చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆరున్నొకటమ్మా" అన్నాడు. పిల్ల బతికింది. గుప్పెడంత ఉండేది కాబట్టి గింజ అని పిలుచుకున్నాం. ఆ రోజునుంచి ఆయన ఆ అంకెని పిల్ల ముందు పలకలేదు, పిల్లనీ పలకనివ్వలేదు. నేను రోజుకి పదిసార్లు "ఏడ్చినట్టుంది" అంటాను, దానికేమీ అనడు. అంకె నోట్లోంచి వస్తేనే మొహం మాడ్చుకుంటాడు. పదిహేడుకి మాత్రం అభ్యంతరం లేదు, అందులో ఏడు పది చాటున దాక్కుంటుందట. ఈ శాస్త్రం ఎవరు రాశారో నాకు తెలీదు.

గింజకి లెక్కలంటే తిండి కన్నా ఇష్టం. అది మూడో తరగతిలో ఉండగా బడి నుంచి కబురొచ్చింది. లెక్కల్లో ముందున్న పిల్లల్ని వేరే కూర్చోబెట్టి పై లెక్కలు చెప్తారట. రాత పరీక్ష ఒకటి, నోటి పరీక్ష ఒకటి. ఇప్పుడు తప్పితే మళ్లీ తీసుకోరట. ఆ కబురు విన్నప్పటి నుంచి ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. "నేను లెక్కపెట్టడం నేర్చుకున్నానే గానీ లెక్కలు నేర్చుకోలేదే. గింజైనా నేర్చుకోవాలి" అన్నాడు నాతో.

పరీక్షలయ్యాక టీచరు మా ఇద్దర్నీ రమ్మంది. మంచి వార్తయితే పిల్ల చేతే చెప్పి పంపేవాళ్లు కదా. తరగతి గదిలో చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాం. గింజ మా మధ్య నిలబడింది. టీచరు పోట్లాటకి వచ్చే మనిషేమీ కాదు, నెమ్మదిగానే చెప్పింది. రాతలో ఒక్క తప్పూ లేదట. నోటి లెక్కలకి వచ్చేసరికి కొన్నింటికి నోరు మెదపదట, కొన్నింటికి సగం చెప్పి ఊరుకుంటుందట. అందుకని, రాతలో పక్కపిల్లల్ని చూసి రాసిందేమోనన్న అనుమానం వచ్చిందట.

నా ఒళ్లు మండిపోయింది. మా పిల్ల పక్కచూపులు చూసే రకం కాదన్నాను. నా గొంతు గది దాటి వినపడిందేమో, టీచరు లేచి తలుపు మూసొచ్చింది. మీ ఎదురుగానే ఇంకోసారి అడుగుతాను, ఎవరూ అందించకూడదు, ఇవాళే తేల్చెయ్యాలి అంది.

తొమ్మిది ఆర్లు ఎంత అని అడిగితే గింజ టక్కున చెప్పింది. డెబ్బైరెండులో ఎనిమిది ఎన్నిసార్లు అంటే, టీచరు మాట పూర్తికాకముందే తొమ్మిది అంది.

"యాభైఆరులో ఎనిమిది ఎన్నిసార్లు?"

గింజ వాళ్ల నాన్న వంక చూసింది. తర్వాత మెల్లగా, "ఆరున్నొకటి" అంది.

"ఆరు, ఇంకో ఒకటి. రెండూ కలిపితే ఎంత తల్లీ?"

పిల్ల తల వంచుకుంది. టీచరు చేతిలో పెన్ను పక్కన పెట్టేసి, చూశారా అన్నట్టు మా వంక చూసింది.

అసలు సంగతి నాకప్పుడు తెలిసొచ్చింది. ఇంట్లో అందరం అదే మాట అనుకుంటుంటే నాకే తట్టలేదు. క్లాసులో అందరూ కలిసి ఎక్కాలు చదివేటప్పుడు ఇది పెదాలు మాత్రం ఆడించి నెట్టుకొచ్చినట్టుంది. ఆ టీచరు చూస్తే ఈ కాలం పిల్ల, కాటా ముల్లే ఎరగదు, ఈ ఆరున్నొకటి ఆవిడకేం తెలుస్తుంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. అందించకూడదన్నాను కదా అని ఆవిడ చెయ్యెత్తింది. పోనీ, నువ్వు అనెయ్యవే అని గింజకి సైగ చేద్దామంటే అది నా వైపు చూడటమే లేదు. దాని చూపంతా నాన్న మీదే. ఆయన ఏడవలేక నవ్వుతున్నాడు.

ఆ క్షణంలో నాకు ఆయన మీద పట్టరాని కోపమొచ్చింది. వెంటనే జాలీ వేసింది. ఆ అంకె పలకనందువల్లే పిల్ల బతికిందని నమ్మిన మనిషి, పిల్ల మొహం మీదే దాన్ని ఎలా అంటాడు? అనకపోతే పిల్ల దొంగ రాతల పిల్ల అవుతుంది.

ఆయన ఆ చిన్న కుర్చీలోంచి కిందికి జారి గింజ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దాని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏడు, తల్లీ" అన్నాడు. "ఫరవాలేదు. ఏడు."

టీచరు బిత్తరపోయింది. "అయ్యో, పిల్లని ఏడవమంటారేంటండీ" అంది.

గింజ కింది పెదవి వణికింది. ఎన్నాళ్లనుంచి బిగబట్టుకుందో, కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. ఆ ఏడుపులోనే, "ఏడు" అంది.

టీచరు ఒక నిమిషం మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. పిల్ల ఇన్నాళ్లూ ఏ అంకె మింగేస్తోందో ఆవిడకి అర్థమైంది. అయినా ఆగకుండా, అరవైమూడులో తొమ్మిది ఎన్నిసార్లని అడిగింది.

"ఏడు."

ఇరవైఒకటిలో మూడు?

"ఏడు" అంది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ. సోమవారం నుంచి పై లెక్కల క్లాసులో కూర్చోమంది టీచరు.

బయటికొచ్చాక ఆయన దాని నుదురు పట్టుకు చూశాడు, మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరమేమీ లేదు. గేటుదాకా వచ్చి మళ్లీ చూశాడు. ఊరుకోండి, బంగారంలా ఉంది అని కసిరాను. అప్పుడడిగింది గింజ.

"నాన్నా, నేను పుట్టినప్పుడు పెట్టెలో ఎన్ని రోజులున్నాను?"

ఆ కథ దానికి కంఠతా వచ్చు. ఆయన గేటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏడు" అన్నాడు.

ఆ వెంటనే, రోడ్డు మీద వచ్చేపోయేవాళ్లంతా చూస్తుండగా, ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. గింజ కాసేపు చూసి, నాన్న చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిపించింది.