ఆల్ఫ్రెడ్ గారి నోట అవ్వ పేరు

దెయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొస్తుంది. నేను బస్సు కండక్టర్ని. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు మీద తొలి సర్వీసూ చేశాను, ఆఖరి సర్వీసూ చేశాను. ఏ మలుపులోనూ ఏ తెల్లచీర ఆవిడా చెయ్యెత్తి బస్సు ఆపలేదు. ఆపినా టిక్కెట్టు కొట్టందే ఎక్కనిచ్చేదాన్ని కాదు.

పూనకాలన్నా నాకు గిట్టదు. జాతరలో జుట్టు విరబోసుకుని ఊగేవాళ్ళను చూస్తే చెంబుడు నీళ్ళు మొహాన కొట్టాలనిపిస్తుంది. అలాంటి నేనే ఇది రాస్తున్నానంటే కారణం ఒక్కటే. ఇది ఎండ ఉండగానే, ఊళ్ళోవాళ్ళంతా చూస్తుండగా, మైకులో జరిగింది.

మా ఊళ్ళో డంకన్ దొర వంశస్థుల సంఘం ఒకటుంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఆ దొర ఒకప్పుడు ఏజెన్సీలో కలప కాంట్రాక్టు చేసి, నర్సీపట్నంలో బంగళా కట్టుకుని, ఇక్కడే పోయాడు. ఇక్కడే చర్చిలో పెళ్ళాడిన భార్యకు పుట్టిన పిల్లల సంతతి ఇప్పటికీ ఉంది. వాళ్ళలో పెద్ద ఆల్ఫ్రెడ్ గారు. దొరకు మనవడు, జీడిపప్పు వ్యాపారి, సంఘానికి అధ్యక్షుడు. ఏటా చలికాలంలో తన జీడితోటలో పండగ చేస్తాడు. ఊరందరికీ పిలుపు, అందరికీ భోజనం.

ఆ పండగ చూడాలి, అంతా స్కాట్లాండ్ పద్ధతే. స్కూలు యూనిఫారాలకు అమ్మే గళ్ళగుడ్డ తెచ్చి, కుచ్చిళ్ళు పెట్టి మోకాళ్ళ దాకా కుట్టించుకుని మగాళ్ళంతా కట్టుకుంటారు. తోటలో గాలి ఎక్కువ. అందుకని ఒక చేత్తో ముందుభాగం అదిమి పట్టుకునే నడుస్తారు. మొదటి ఏడాది మా పక్కింటావిడ చూసి, "ఏటే, పెద్దమనుసులు లంగాలు కట్టీసినారేటి?" అని నోరు నొక్కుకుంది.

విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చి తోలుసంచీ చంకలో పెట్టుకుని బూరా వాయిస్తాడు. కుర్రాళ్ళు సరుగుడు దుంగ నిలువుగా ఎత్తి విసురుతారు. మేకపొట్ట శుభ్రం చేసి, అందులో కైమా, ఓట్సు కూరి ఉడకబెట్టిన వంటకం ఒకటి పెడతారు. వంటాయనది గొలుగొండ. అల్లం, పచ్చిమిర్చి దంచి వెయ్యకపోతే ఆయనకు చెయ్యి ఆడదు. అబద్ధమెందుకు, బాగానే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది పేర్లు పిలవడం. ఆల్ఫ్రెడ్ గారు మైకు ముందు నిలబడి, దొరతో మొదలుపెట్టి, వంశంలో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తారు. పిలిచిన పేరుకు సంబంధించినవాళ్ళు లేచి "ఉన్నాం" అని పలకాలి. అంతా అయ్యాక ఆయన తోట బయటికి తిరిగి "ఇంకెవరైనా ఉన్నారా?" అంటారు. ఎవరూ పలకరు. అది ఊరికే ఆనవాయితీ. కాస్త ఆగి బూరా మొదలెడతారు.

ఆ చివరి పిలుపు మా అమ్మకు మొదటినుంచీ నచ్చేది కాదు. అమ్మ పేరు అప్పలనర్సమ్మ. మా ఇంట్లో పెద్దలకు పెట్టే రోజున ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి ముద్ద పెడతాం. పిలిచామంటే పెట్టాల్సిందే. "పోయినోల్ని ఇంకెవులున్నారని కేకేసి, ముద్దెట్టకుండా ఒట్టి సేతుల్తో నిలబడతాడేటి? ఆకలితో ఉన్నోలు వస్తే ఏటి సేత్తాడు?" అనేది. నేను నవ్వేసేదాన్ని.

అమ్మ బాధ వేరే ఉంది. చర్చి పెళ్ళికి ముందే డంకన్ దొర కొండమీద నుంచి ఒకామెను తెచ్చుకుని బంగళాలో ఉంచుకున్నాడు. ఆవిడకు ఒక ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ఇంకా పాలు మానకముందే దొరకు పెళ్ళి కుదిరింది. తల్లిని కొండకు తోలేశారు. పిల్లను మాత్రం వంటవాళ్ళకు ఇచ్చేశారు. ఆ పిల్లే మా అమ్మమ్మ. పిల్లికళ్ళు, ఎర్రటి ఒళ్ళు. పొలంలో ఊడుపు చేస్తుంటే బస్సులో వాళ్ళు కూడా తలతిప్పి చూసేవారట.

తన తల్లి పేరు అమ్మమ్మకు తెలీదు. బంగళాలో అందరూ ఆవిణ్ణి "కొండది" అనే పిలిచారు. వంటవాళ్ళకూ అంతే తెలుసు. పెద్దలకు ముద్దలు పెట్టినప్పుడల్లా అమ్మమ్మ అందరినీ పిలిచి, తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. పేరు పెట్టి పిలవనిదే ముద్ద అందదని మావాళ్ళ నమ్మకం. పోయేముందు అమ్మమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకుని "మాయమ్మ ఆకలితోనే ఉండిపోనాదే" అని ఏడ్చింది. అప్పటినుంచి అమ్మకు అదే దిగులు. పేరు తెలీకపోతే పోయింది, కనీసం ఆ దొర మనుషులు అందరి ముందూ ఆవిడ తమ మనిషే అని ఒప్పుకుని పిలిస్తే చాలనుకుంది.

ఆ ఏడాది పండగకు ముందు అమ్మను తీసుకుని ఆల్ఫ్రెడ్ గారింటికి వెళ్ళాను. వరండాలోనే నిలబెట్టి విన్నాడు. మా అమ్మకు వరసకు ఆయన మేనమామ కొడుకు అవుతాడు. వయసులో ఆయనకంటే అమ్మే కాస్త పెద్దదేమో. అయినా కూర్చోమనలేదు. "చూద్దాం లెండి" అన్నాడు. ఆ చూద్దాంతోనే అమ్మ కొత్తచీర కట్టుకుని పండగకు బయల్దేరింది.

పేర్లన్నీ పిలిచాడు. మావాళ్ళ ఊసే లేదు. చివర్న మామూలుగా "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు. అమ్మ లేచి నిలబడింది.

"ఉన్నాదండీ. మా అవ్వ ఉన్నాది. దొరగారికి తొలిబిడ్డని కన్నాది. ఆవిణ్ణి కూడా పిలవండి బాబూ."

ఆల్ఫ్రెడ్ గారు మైకు దించనైనా దించలేదు. "పేరేంటమ్మా?" అన్నాడు.

"పేరు తెల్దండి. కొండది అనీవోరు."

అక్కడక్కడా నవ్వారు. ఆయనా నవ్వాడు. "తాతగారి దగ్గర పనిమనుషులు చాలామంది ఉండేవారమ్మా. పేరు కూడా లేనిదాన్ని నేను ఏమని పిలవను? కూర్చోండి, భోజనం చేసి వెళ్ళండి."

నా ఒళ్ళు భగ్గుమంది. అమ్మ తల వంచుకుని కూర్చుంది, కొత్తచీర కొంగు వేలికి చుట్టుకుంటూ. నేను ఆయన మొహంలోకే చూస్తూ మనసులో అనుకున్నాను, నీ నోరు పడిపోను, నీ నోరు పడిపోను అని. ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆల్ఫ్రెడ్ గారు ముఖ్య అతిథి వైపు తిరిగి, "ఇప్పుడు మన పండగకు విచ్చేసిన శ్రీ" అని ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

"బుద్రి" అన్నాడు.

అది కొండమీద ఆడవాళ్ళకు పెట్టే పేరు. అతిథిగారు అయోమయంగా చూశాడు. ఆల్ఫ్రెడ్ గారు "క్షమించాలి" అని మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ "బుద్రి". చేతిలో పేర్ల కాగితం ఉంది. అందులోది చదవబోయాడు. దొర పేరు దగ్గర బుద్రి. నాయనమ్మ పేరు దగ్గర బుద్రి. తండ్రి పేరు దగ్గర బుద్రి. మొదట జనం నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆయన మొహాన చెమటలు కారుతున్నాయి. పెదాలు కాగితంలో పేరుకే తిప్పుతున్నాడని దూరం నుంచి కూడా తెలుస్తోంది, వచ్చేది మాత్రం ఆ మాటే. బూరా వాయించే ఆయన తన సంచీ ఒళ్ళో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

అప్పుడు మా అమ్మ లేచింది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు.

"ఉన్నాం!" అంది. తోట అవతలికి వినిపించేంత గట్టిగా అంది.

తిన్నగా వంటల దగ్గరికి వెళ్ళి ఆకులో అన్నం పెట్టించుకుని, కొండలవైపు ఉన్న గోడ మొదట్లో ముద్ద పెట్టింది. "బుద్రవ్వా, తిను" అంది. వంటాయన సహా ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఆ తర్వాతది విచిత్రం. ఆల్ఫ్రెడ్ గారికి మాట పోలేదు. మంచినీళ్ళు అడిగాడు, తల తిరుగుతోందన్నాడు, మైకు కట్టేయమన్నాడు. ఎవరి పేరు పలకాల్సి వచ్చినా మాత్రం బుద్రే. భార్య మేరీ గారు పరుగున వస్తే ఆవిణ్ణి కూడా "బుద్రీ" అన్నాడు. ఆవిడ అంతమందిలో "ఎవత్తండీ అది?" అని నిలదీసింది. పాపం, ఆవిడ అనుమానం ఆవిడది.

విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో చూపించారు. తలకు స్కాన్లు తీశారు. ఏమీ లేదన్నారు. రాయమంటే అందరి పేర్లూ చక్కగా రాస్తాడు. నోటితోనే రావు. చర్చిలో ప్రార్థన చేయబోయి, ప్రభువు పేరు దగ్గర నోరు గట్టిగా మూసుకుని ఏడ్చాడట. ఇవన్నీ మేరీ గారే తర్వాత చెప్పింది.

నేను మాత్రం అమ్మను తీసుకుని కొండెక్కాను. అవ్వది చింతపల్లి అవతల ఫలానా ఊరని వంటవాళ్ళు చెప్పగా అమ్మమ్మకు తెలుసు. పేరు లేకుండా వెళ్ళి ఎవరికోసమని అడుగుతామని ఎవరూ వెళ్ళలేదు. ఇప్పుడు పేరుంది కదా. ఆ ఊళ్ళో అందరికంటే పెద్దాయన ఎండలో కూర్చుని తట్ట అల్లుతున్నాడు. నర్సీపట్నం అని గానీ, దొర అని గానీ చెప్పకుండా, వెనకటి కాలంలో ఇక్కడ బుద్రి అని ఒకామె ఉండేదా అని మాత్రం అడిగాను. కొండమీద బుద్రి అంటే ఊరికి పదిమంది ఉంటారు. ఏ బుద్రి అంటాడనుకున్నాను.

"దొర కాడికి పోయిన బుద్రా?" అన్నాడు.

అమ్మ ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. పెద్దాయన వాళ్ళమ్మ చెప్పగా విన్నదంతా చెప్పాడు. పిల్లను లాక్కుని పంపేస్తే తిరిగి వచ్చిందట. దొర దగ్గర ఉండి వచ్చినదని ఊళ్ళోకి రానివ్వలేదట. ఊరి చివర కూర్చుని, ఎవరైనా జాలిపడి గిన్నెలో చోడి అంబలి, అదే రాగిజావ, పెట్టినా ముట్టుకోకుండా, కిందికి పోయే దారివైపే చూస్తూ పోయిందట. ఆ పేరు ఆ తర్వాత వాళ్ళింట్లో ఏ పిల్లకూ పెట్టలేదట.

ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ అమ్మ ఏడుస్తూనే ఉంది. నేను ఏడవలేదు. నాకు ఆల్ఫ్రెడ్ గారి నవ్వే కళ్ళముందు ఆడుతోంది. బాగా అయ్యింది అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మా ఇంటిముందు కారు ఆగింది. మేరీ గారు కారులోనే కూర్చుంది. ఆల్ఫ్రెడ్ గారు ఒక్కడే దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు. అమ్మ వంటింట్లో ఉంది. చప్పుడు విని, అందరినీ అడిగినట్టే "ఎవులండీ?" అంది.

ఆయన నోరు తెరిచాడు. తన పేరు చెప్పుకోవాలి కదా.

"బుద్రి" అన్నాడు.

లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన్ని తేరిపార చూసింది. నేనైతే తలుపు మొహాన వేసేదాన్ని. అమ్మ చాప వేసింది. "రా అమ్మా, తిందువు గాని" అంది. ఆయనతోనే అంది.

ఇంట్లో ఆ పూట చోడి అంబలి, ఎండుచేపల పులుసు ఉన్నాయి. ఆల్ఫ్రెడ్ గారు జన్మలో చోళ్ళు ముట్టినవాడు కాదని మేరీ గారే అంది. ఆ రోజు గిన్నె ఎత్తి గటగటా తాగాడు. మళ్ళీ పొయ్యమన్నట్టు గిన్నె చాపాడు. అమ్మ పోసింది. మళ్ళీ చాపాడు. కుండ అడుగంటేదాకా తాగి, వేళ్ళు నాక్కుని, గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత వీధిలోకి వెళ్ళి "మేరీ" అన్నాడు. ఆవిడ కారు దిగి ఆయన చేతులు పట్టుకుంది.

అది కొద్దిరోజులే నిలిచింది. మళ్ళీ నోట్లో అన్ని పేర్లూ పోయి ఆ ఒక్కటే మిగిలింది. మళ్ళీ వచ్చి తిన్నాడు, మళ్ళీ బాగయింది. ఇప్పటికీ అంతే నడుస్తోంది. సంఘం పండగ జరుగుతోంది గానీ మైకు ఇంకొకరికి ఇచ్చారు. మా అవ్వ పేరును దొర పేరు పక్కనే పిలుస్తున్నారు. మేం లేచి పలుకుతున్నాం. అయినా ఆయన్ని ఆవిడ వదల్లేదు.

చిన్నప్పుడు ఆ పేరు పెట్టి వాళ్ళ నాయనమ్మ తిడుతుంటే ఆల్ఫ్రెడ్ గారి చెవిన పడి ఉంటుంది, అమ్మను అవమానించిన గిల్టుతో మెదడు అలా చేసింది అంటాడు మా ఆయన. అయి ఉండొచ్చు. మరి అంబలి తాగితే ఎందుకు నయమవుతోందో, మా ఇంట్లోదే ఎందుకు కావాలో మా ఆయన చెప్పలేడు. నేనూ చెప్పలేను. నాకు దెయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. ఇదేమిటో కూడా తెలీదు.

ఒకటి మాత్రం తెలుసు. ఆయన కారు మా వీధి మలుపు తిరగ్గానే అమ్మ గుర్తుపడుతుంది. గిన్నె సర్ది, చాప పరిచి, గుమ్మానికి ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. ఆయన చెప్పులు విప్పి, తలవంచుకుని, రెండు మూరల దూరంలో నిలబడతాడు. అమ్మ ఆయన మొహంలోకి చూస్తూ, "ఎవులండీ?" అని అడుగుతుంది. ఆయన చెప్పేదాకా కుండమీద మూత తియ్యదు.