స్వాతి పెట్టిన ప్రశ్నార్థకం

రెండేళ్ల కిందట వరంగల్ మట్టెవాడలో రెండో తరగతికి పాఠం చెబుతున్నాను. వాక్యం చివర చుక్క పెట్టడం నేర్పి, ఇంటి గురించి ఒక వాక్యం రాయమన్నాను. నెల కిందటే తల్లిని పోగొట్టుకున్న స్వాతి ఇలా రాసింది: "అమ్మ మెట్ల మీద జారి పడింది?"

"ఇది ప్రశ్న కాదు బిడ్డా, చుక్క పెట్టాలె" అంటూ దిద్దబోయాను.

"డాడీ గట్లనే చెప్పుమన్నడు టీచర్. కానీ అమ్మ జారలే. నేను సూసిన" అంది మెల్లగా.

అంతలో బడి వదిలారు. గేటు దగ్గర తండ్రి నవ్వుతూ, "మంచిగ చదువుతాందా మేడం?" అన్నాడు. భయంతో తలూపి, పాపను అప్పగించాను.

మర్నాడు హెడ్మాస్టరుతో కలిసి వెళ్తే ఇంటికి తాళం ఉంది. పోలీసులకూ చెప్పాం. ఇప్పటికీ జాడ తెలియలేదు.

ఆ పసిది నన్ను నమ్మి చెప్పుకుంది. నేనేమో దాని చేతిని తిరిగి అతని చేతిలోనే పెట్టాను.