ఇంటి గంట

ముందుగా క్షమాపణలు.

నాలుగు గంటలకు వదలాల్సిన బడిని మూడుంబావుకే ఎట్ల వదిలినారని వాట్సాప్ గ్రూపులో నిలదీసిన తల్లిదండ్రులకు, ఆరోజు బోర్డు మీద సగంలో ఆగిపోయిన భిన్నాలకు, మా కరస్పాండెంట్ సారు రక్తపోటుకు, చేయని నేరాన్ని నెత్తిన మోసిన మా బడి కోతులకు, అందరికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇంత గంభీరంగా మొదలుపెట్టినానని ఎవరూ కంగారు పడొద్దు. కోతులకు చెప్పింది ఒక్కటే నిజం. తక్కినదంతా మర్యాదకు.

స్పెషల్ మేడమ్ పోయినారు.

మంగళవారం మధ్యాహ్నం, భోజనాలయినాక, స్టాఫ్‌రూములో తెలుగు మేడమ్ ఫోను మోగింది. "ఆఁ... ఎప్పుడు?" అని అడిగి ఆమె అట్లనే కూర్చుండిపోయింది, డబ్బా మూత ఒక చేతిలో, ఫోను ఒక చేతిలో. తెల్లారుజామున గుండెపోటంట. ఇల్లు శ్రీకాళహస్తిలో. సాయంత్రం ఐదుకు తీసుకుపోతారంట. 

ఆమె మా బడి మనిషి కాదు. ప్రభుత్వం తరఫున, ప్రత్యేకంగా చూసుకోవాల్సిన పిల్లలకు చదువు చెప్పే టీచరు. మాది తిరుపతి నుంచి శ్రీకాళహస్తి పోయే రోడ్డు పక్కన ఒక ప్రైవేటు బడి. అయినా ఇట్లాంటి బిడ్డ విషయంలో బడికీ తల్లిదండ్రులకూ తగాదా వచ్చిందంటే చాలు, ఎవరు పిలిచినా స్కూటరేసుకుని వచ్చేసేవారు. హ్యాండిల్‌కు ఒక గుడ్డసంచి వేలాడేది. అందులో ఉడకబెట్టిన చెనిక్కాయలు.

మొదటిసారి ఆ సంచిని నేను అపార్థం చేసుకున్నాను. మేడమ్‌కు ఆకలేమో అనుకున్నాను. ఆఫీసు రూములో ఒకవైపు కరస్పాండెంట్ సారు, ఇంకోవైపు మూడో తరగతి పాప తల్లి, మధ్యలో మేజా మీద సంతకం కోసం ఎదురుచూస్తున్న టీసీ. క్లాస్ టీచరు హోదాలో, గణిత పట్టభద్రుడనైన నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతోంది. మేడమ్ రావడం రావడమే టీసీని పక్కకు జరిపి, ఆ చోట చెనిక్కాయలు కుప్ప పోసినారు.

"ఒలవండి సార్. నువ్వూ ఒలువమ్మా. ఒలుస్తా మాట్లాడదాం."

"మేడమ్, ఇది టిఫిన్ టైమా?" అన్నారు కరస్పాండెంట్ సారు.

"చేతులు ఖాళీగా ఉంటేనే కదా సార్, ఒకరి మీద ఒకరు వేళ్లు చూపించుకునేది."

సారు ముఖం చిట్లించుకుని ఒక కాయ తీసుకున్నారు. ఇంతకీ తగాదా ఏమిటంటే, ఆ పాప గంట కొట్టగానే లేచి బయటికి పోతుంది. పిలిస్తే ఆగదు. మాటలు తక్కువ, అడిగితే చెప్పదు. పీరియడ్ పీరియడ్‌కూ ఇదే కథ. అంతకు ముందు వారం వాచ్‌మన్ అటు తిరిగి బీడీ ముట్టించుకునే లోపల గేటు దాటేసింది. రోడ్డు మీద లారీవాడు బ్రేకు తొక్కిన చప్పుడు నా తరగతి దాకా వినిపించింది. నేను పరిగెత్తి పోయేసరికి లారీ బంపరుకూ పాపకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. ఆ జాగా నాకిప్పటికీ కలలో వస్తుంది.

"రేపు ఏమన్నా అయితే నన్ను పోలీస్ స్టేషన్లో కూర్చోబెడతారు," అన్నారు సారు. "పాప మీద నాకేం కోపమమ్మా? మీరు వేరే బడి చూసుకోండి."

"యాడికి పోవాల సార్? మీది మూడో బడి." అంది తల్లి. టైలరింగ్ చేసుకునే మనిషి. "ఈడ ఎవురో నా బిడ్డను కొడతా ఉండారు. లేకుంటే ఎందుకు పరిగెత్తతాది? సట్టం ఉండాది సార్. సోమవారం కలెక్టరాఫీసుకు పోతా."

కొడుతున్నది నేనే అన్నట్టు ఆమె నావైపు చూసింది. నేను కూడా ఒక చెనిక్కాయ తీసుకున్నాను.

ఆ రోజు మేడమ్ చేసింది తప్పు. గంట చప్పుడుకే పాప భయపడుతోందని తేల్చి, చెవుల్లో పెట్టమని దూది ఇచ్చి, ఒక వారం ఆగమని సారును బతిమాలి పోయినారు. మరుసటి రోజు గంట కొట్టినారు. పాప చెవుల్లోంచి దూది తీసింది, మడత పెట్టి జామెట్రీ బాక్సులో దాచింది, బయల్దేరింది.

వారం గడిచింది. మళ్లీ అదే రూము, అదే టీసీ, కొత్త చెనిక్కాయలు. ఈసారి తండ్రి కూడా వచ్చినాడు. వచ్చినవాడు కూర్చోలేదు. "నేను పొరపాటు పడినాను సార్. చప్పుడు కాదు," అన్నారు మేడమ్. సారు పెన్ను మూత తీసినారు. ఇంక అయిపోయింది అనుకున్నాను. గాలి బిగుసుకుపోతే నాకు నోరు ఆగదు.

"ఎవరేమన్నా అనండి మేడమ్, ఈ బడిలో క్రమశిక్షణ ఉండేది ఆ పాపకొక్కదానికే. పారిపోయేటప్పుడు కూడా పుస్తకాలు సర్ది, బ్యాగు తగిలించుకుని, వాటర్ బాటిల్ మూత గట్టిగా తిప్పి మరీ పారిపోతుంది."

ఎవరూ నవ్వలేదు. తండ్రి నన్ను కొట్టేలాగున్నాడు. మేడమ్ చేతిలో కాయ మాత్రం ఆగిపోయింది.

"రోజూ అట్లనేనా? మూత తిప్పుతాదా?"

"రోజూ."

"భయపడిన బిడ్డ మూత ఎందుకు తిప్పుతాదప్పా?" అని ఆమె లేచినారు. "సార్, ఇప్పుడు గంట కొట్టేస్తారు. గేటు తీసి పెట్టించండి. ఎవరూ పట్టుకోవద్దు. ఎనకాల రెండడుగుల దూరంలో నడుద్దాం. యాడికి పోతా ఉండాదో చూస్తే ఎందుకు పోతా ఉండాదో తెలుస్తాది."

"రోడ్డు మేడమ్ అది!"

"అందుకే అందరం పోదాం."

గంట మోగింది. పాప వచ్చింది. బ్యాగు, బాటిల్, మూత. వెనక మేడమ్, ఆమె వెనక తల్లీ తండ్రీ, కరస్పాండెంట్ సారు, నేను. బ్రహ్మోత్సవాల్లో వాహనం వెంట నడిచినట్టు నడిచినాం, గోవింద ఒక్కటే తక్కువ. గేటు దాటగానే ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. తల్లి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. సారు చెయ్యి చాచబోతే మేడమ్ తన చెయ్యి అడ్డం పెట్టినారు.

పాప రోడ్డు దాటలేదు. ఎడమకు తిరిగి, గోడ వెంబడే నడిచి, సాయంత్రం ఆటోలు నిలబడే చోట ఆగింది. ఆటోలు లేవు. ఒక్కొక్కసారి అవి అవతలి పక్కన నిలబడతాయి; లారీ రోజు పాప రోడ్డు మీదికి పోయింది అందుకే. అటు చూసింది, ఇటు చూసింది. ఓపికగా నిలబడింది.

తల్లే మెల్లగా అంది. "మునుపు సదివిన బడిలో గంట రోజుకు ఒక్కసారే కొడతారు మేడమ్. ఇంటికి పోయేటప్పుడు."

సారు కళ్లజోడు తీసినారు. "అంటే... పాప ఇన్నాళ్లూ ఇంటి గంట కొట్టినారని ఇంటికి పోతా ఉంటే, మనం పట్టుకొచ్చి లోపలేస్తా ఉండామా?"

మేడమ్ పాప దగ్గరికి పోయి గుప్పెడు చెనిక్కాయలు ఇచ్చినారు. ఆ పాపకు ఒక అలవాటు. దగ్గరికొచ్చిన మనిషి అరచెయ్యి పట్టుకుని వాసన చూస్తుంది. వాసన నచ్చితేనే పక్కన నిలబడనిస్తుంది. మేడమ్ చెయ్యి వాసన చూసి, ఆ చెయ్యి విడిచిపెట్టలేదు.

ఒప్పందం అక్కడే, రోడ్డు పక్కనే కుదిరింది. పీరియడ్లకు కరెంటు గంట. ఇంటికి పోయేటప్పుడు మాత్రం ఇత్తడి గంట, వరండాలో, మా బడి ఆయమ్మ చేత్తో. ఏ గంట దేనికో పాపకు నేర్పించడానికి మేడమ్ నెలపైన మా బడి చుట్టూ తిరిగినారు. టీసీ సొరుగులోకి పోయింది.

ఒకసారి మాత్రం దెబ్బతిన్నాం. ఎవరో అధికారి వస్తున్నాడని పిల్లలను వరుసలో నిలబెట్టడానికి ఒక కొత్త సారు ఆ ఇత్తడి గంట కొట్టేసినాడు. పాప బ్యాగు తగిలించుకుంది. వాచ్‌మన్ గేటు వేసినాడు. పాప ఇనుప కడ్డీలకు తల బాదుకుంది. కబురందుకుని వచ్చిన మేడమ్ గొంతు, అన్నాళ్లలో లేచింది ఆ రోజొక్కటే. సంచిలో చెనిక్కాయలు కూడా లేవు.

"ఆ గంట ఒక్కసారి అబద్ధం చెప్పిందంటే ఆ బిడ్డ ఇంక దేన్నీ నమ్మదు సార్. మిమ్మల్నీ నమ్మదు, నన్నూ నమ్మదు. గంట కొట్టినారంటే పంపించాల. పంపించలేకుంటే కొట్టొద్దు."

"ఇంకోసారి జరగదు మేడమ్," అన్నారు సారు. ఆయన ఒకరి ముందు తల దించుకోవడం నేను అప్పుడే చూసినాను.

ఇంక ఆ మంగళవారానికి వద్దాం.

మూడు దాటినాక పాప తల్లి ఆటోలో వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మేడమ్‌ను కడసారి సూపించాల సార్, నా బిడ్డకు. పిలుచుకోని పోతా." సారు పోవడానికి అనుమతి ఇచ్చినారు. పాప మాత్రం లేవలేదు. గంట కొట్టలేదు కదా! మేడమ్ అంత బాగా నేర్పించినారు. తల్లి చెయ్యి పట్టి లాగింది. పాప బెంచీని కరుచుకుని కేక పెట్టింది.

తల్లి కరస్పాండెంట్ సారు దగ్గరికి పోయింది. "ఒక్కసారి ఆ గంట కొట్టించండి సార్."

"ఒక్క పాప కోసం కొడితే బడంతా లేస్తాది. లేచినాక ఆపితే గంట అబద్ధమవుతాది. మేడమే చెప్పినారు కదమ్మా. నాలుగు దాకా ఆగు."

నాలుగింటికి బయల్దేరితే, ఆ ట్రాఫిక్‌లో శ్రీకాళహస్తికి చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. సారు చెప్పిందీ న్యాయమే. తల్లి వరండాలో కిందనే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఇత్తడి గంట మోగింది.

బడంతా హో అని లేచింది. కరస్పాండెంట్ సారు బయటికి దూసుకొచ్చినారు. "ఎవురు? ఎవురు కొట్టింది?" అప్పటికి పాప తరగతిలోంచి వచ్చేసింది. బ్యాగు తగిలించుకుంది. మూత గట్టిగా తిప్పింది. గేటు వైపు నడిచింది. వాచ్‌మన్ గేటు మీద చెయ్యి వేసి సారు ముఖం చూసినాడు. తల్లి చూసింది. మేమంతా చూసినాం. అరవడానికి తెరిచిన సారు నోరు అట్లనే ఉంది. పాప గేటుకు పదడుగుల దూరంలో ఉంది, ఐదడుగుల దూరంలో ఉంది.

"గేటు తియ్యప్పా," అన్నారు సారు. తర్వాత మా అందరి వైపు తిరిగి, "గంట కొట్టినాక బడేముంది? వ్యాన్లు ఎటూ వచ్చి ఉండాయి. దగ్గరుండి ఎక్కించండి," అన్నారు.

ఎవరు కొట్టినారని ఆయమ్మను అడిగితే, ఆమె నేల చూస్తూ, "కోతులు సార్," అంది. సారు నావైపు చూసినారు. "ఈ మధ్య కోతులు మరీ ఎక్కువైపోయినాయి," అని కారు తాళాలు తెచ్చుకోవడానికి లోపలికి పోయినారు. ఆయనా శ్రీకాళహస్తికే.

నేను పాప వెనకాల రెండడుగుల దూరంలో నడిచినాను. ఆటో దగ్గర తల్లి ముందే ఎక్కి కూర్చుంది. పాప ఎక్కబోతూ ఆగి, నా అరచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. రోజూ ఆ చేతికి చాక్‌పీసు వాసన ఉంటుంది. ఆరోజు ఇత్తడి వాసన. మళ్లీ ఒకసారి వాసన చూసింది. వరండా వైపు తిరిగి, అక్కడ వేలాడుతున్న గంటను చూసింది, నన్ను చూసింది.

కోతులు కాదు. నేనే కొట్టినాను. ఆ సంగతి ఆ పాపకు తెలుసు. ఆటో కదిలేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.