కాంక్రీటు గోడకి కొత్త కన్నం

మా మామయ్య కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. అక్కడ వెంట్రుకవాసి తేడా రానివ్వడు. ఇంటికొస్తే మాత్రం ఆ మనిషే వేరు. వాళ్ళ ఫ్లాటు గోడలన్నీ కాంక్రీటువి, మేకు కొడితే మేకే వంగుతుంది. కొత్తలో తన చిన్న డ్రిల్లుతో ఒకసారి ప్రయత్నించాడు. బిట్టు ఎర్రగా కాలింది, గోడమీద పెసరగింజంత గుంట పడింది. మెకానిక్కుని పిలవడం ఆయనకి నామోషీ. "కన్నం పెట్టడానికి కూడా మనిషి కావాలా?" అంటాడు.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. తమకంటే ముందున్నవాళ్ళు కొట్టి వదిలేసిన కన్నాలు వెతికి, సామాన్లన్నీ వాటికే తగిలించాడు. గడియారం గది తలుపు వెనక చేరింది, టైము చూడాలంటే తలుపు వెయ్యాలి. అద్దం నడుమెత్తున ఉంది, వెళ్ళినప్పుడల్లా నేను సగం గుంజీలో నిలబడి తల దువ్వుకుంటాను. పెళ్ళిఫొటో ఫ్రిజ్జు పక్కన నక్కింది, అందులో మామయ్య సగమే కనిపిస్తాడు. "ఆ సగమే నయం" అంటుంది అత్తయ్య. ఇన్నేళ్ళూ ఆవిడ దెప్పుతూనే సర్దుకుపోయింది.

ఈమధ్య అత్తయ్య స్నానాల గదిలో జారిపడింది. ఎముకలు విరగలేదు గానీ ధైర్యం పోయింది. అప్పట్నుంచీ స్నానం చేస్తుంటే కోడలు లోపల నిలబడి చెయ్యి పట్టుకోవాలి. ఆ అమ్మాయి మంచిది, మొహం అటు తిప్పుకునే ఉంటుంది. అయినా అత్తయ్యకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. రోజు విడిచి రోజు స్నానం మొదలుపెట్టింది. డాక్టరేమో గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించమన్నాడు.

నేను వాళ్ళింట్లో ఉన్న రోజుల్లోనే మామయ్య స్టీలు కడ్డీ తెచ్చి, అలవాటు కొద్దీ పాత కన్నాలు వెతికాడు. కుళాయి పైన దొరికాయి. మొహం వెలిగిపోయింది.

"ఇక్కడ బిగించేస్తాను. బ్రహ్మాండంగా ఉంటుంది."

"అంత దూరం నా చెయ్యెలా అందుతుందండీ?"

"కొంచెం ముందుకి వంగితే సరి."

అత్తయ్యకి ఒళ్ళు మండింది. "గడియారం కోసం తలుపేశాను. అద్దం కోసం నడుం వంచాను. కాలు జారేటప్పుడు కూడా మీ కన్నం ఎక్కడుందో వెతుక్కుంటూ పడమంటారా?"

మామయ్య కడ్డీ కింద పెట్టాడు. ఆవిణ్ణి లోపల నిలబెట్టి, కళ్ళు మూసుకుని తూలినట్టు చెయ్యమన్నాడు. చెయ్యి గోడమీద ఎక్కడ పడిందో అక్కడ పెన్సిలుతో గీశాడు. నమ్మకం చాలక మళ్ళీ తూలమన్నాడు. దుకాణంలో చూపించే శ్రద్ధ ఆయన ఇంట్లో చూపించడం నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాత అభిమానం చంపుకుని కింద ఫ్లాటాయన హ్యామర్ డ్రిల్లు అడిగి తెచ్చాడు. అది తిరుగుతూనే సుత్తిదెబ్బలూ వేస్తుంది. మొదలెట్టగానే వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. మామయ్య తల పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లబడింది. ఇంతలో గోడలోపల ఇనుప చువ్వ అడ్డుపడి బిట్టు ఆగిపోయింది.

"ఒక్క జానెడు పక్కకి..." అంటూ అత్తయ్య వైపు తిరిగాడు. ఆవిడ చూపు చూసి మిగతాది మింగేశాడు. కడ్డీ చివర బోల్టులు బిగించడానికుండే గుండ్రటి బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాస్త తిప్పేసరికి దాని రంధ్రాలు చువ్వని తప్పించుకున్నాయి, కడ్డీ మాత్రం గీసిన చోటే ఉంది. అక్కడ కొత్త కన్నాలు పెట్టి, బోల్టులు బిగించి, కడ్డీ పట్టుకుని రెండు కాళ్ళూ ఎత్తి వేలాడాడు. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. కడ్డీ కదల్లేదు.

మర్నాడు అత్తయ్య తువ్వాలు భుజాన వేసుకుంది. కోడలు లేవబోతే "నువ్వు కూర్చోమ్మా" అంది. లోపలికెళ్ళి తలుపు మూసి గడియ పెట్టుకుంది. ఆ చప్పుడు వింటే నాకెంత సంతోషం వేసిందో! మామయ్య తలుపు బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కడే ఉన్నారా?" లోపల్నుంచి అత్తయ్య అడిగింది.

"లేను."

"అయితే వెళ్ళండి. చాన్నాళ్ళకి ఒక్కదాన్నే పోసుకుంటున్నాను, తీరిగ్గా పోసుకోనివ్వండి."

మామయ్య పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చి హాల్లో కూర్చున్నాడు. లోపల అత్తయ్య బకెట్టు మీద బకెట్టు నింపుకుంటూనే ఉంది.