పోచమ్మ తాగిన మేకపాలు

మా నాన్న ప్రాణం నిలుపుతాయని నమ్మిన పాలను నెత్తిన పెట్టుకుని, డప్పులతో ఊరంతా ఊరేగించి మరీ పోగొట్టిన ఘనత నాది. దొంగలు పడి ఉంటే ఏడ్చేదాన్ని. కాలుజారి ఒలికి ఉంటే కాలిని తిట్టుకునేదాన్ని. ఆ పాలు పోయిన తీరుకు ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. దండం మాత్రం పెట్టుకున్నాను. ఆ వైభవం చెబుతాను, నవ్వుకోండి.

పంతొమ్మిదివందల డెబ్బైల మొదట్లో నాన్నకు ఛాతీజబ్బు ముదిరింది. గోదావరి పక్కనున్న మా ఊరి నుంచి హైదరాబాదు తెచ్చి, నగరం చివరి పెద్దాసుపత్రిలో చేర్చాం. ఇంట్లో మగదిక్కు ఆయనొక్కడే, ఆయనేమో మంచంలో. అందుకని తోడు నేనొచ్చాను. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు, ఎక్కాలు, స్తోత్రాలు అన్నీ నాన్న వీధి అరుగుమీద నేర్పినవే. దారులెలా కనుక్కోవాలో మాత్రం నేర్పలేదు. నేనెక్కడికైనా వెళతానని ఆయన అనుకోలేదు మరి.

కూకట్‌పల్లిలో పిన్ని ఇంట్లో దిగి, వీపున గుడ్డసంచి కట్టుకుని, రోజూ నగరం మీద పడేదాన్ని. మొదటి రోజు ఆసుపత్రికని ఎక్కిన బస్సు చార్మినార్ దగ్గర దింపింది. రెండో రోజు తెలివిగా ఎదురువైపు ఎక్కాను, సికింద్రాబాదు స్టేషను వచ్చింది. మూడో రోజు కండక్టరుకే అప్పజెప్పుకున్నాను.

"ఏడికి పోవాలమ్మా?"

"ఆసుపత్రికండి."

"ఏ దవాఖాన? పట్నంల మస్తుగున్నయ్."

"మా నాన్న ఉన్న ఆసుపత్రండి."

బస్సంతా నవ్వింది. అయినా ఆ పుణ్యాత్ముడు నాలుగు ప్రశ్నలడిగి, సరైన చోట దింపి, గేటు దాకా వేలు చూపించాడు. ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

నాన్న ఎముకల గూడై ఉన్నాడు. వారం నుంచి ఏదీ గొంతు దిగడం లేదు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఒంట్లో బలం లేకపోతే మందు పనిచేయదమ్మా. మేకపాలు దొరికితే పట్టు. ఈ నాలుగు రోజులే కీలకం" అన్నాడు.

"మాదాపూర్ వైపు బండల్లో మేకలవాళ్ళుంటారే" అంది పిన్ని, ఇంటికొచ్చి చెప్పగానే.

ఇప్పుడక్కడ అద్దాల మేడలు. అప్పుడు ఏనుగుల మంద పడుకున్నట్టు బండలు, వాటిమధ్య సీతాఫలం పొదలు, మేకలు.

అది ఆషాఢమాసపు ఆదివారం. నాన్న ఆరోగ్యానికి సూర్యుడికి మొక్కుకున్నాను గనక తలంటుకుని, జుట్టు విరబోసుకుని, పసుపులో ముంచిన చీర కట్టి, రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టుకుని బయల్దేరాను. మేకలామె పాలు పితికి, తన పొయ్యిమీదే కాచి, నా చిన్న ఇత్తడి బిందెలో పోసింది. పొలిమేర దాటే పాలకు దిష్టి తగలకుండా వేపాకు వెయ్యడం మా వైపు అలవాటు. నేనా, పదింతలు జాగ్రత్త మనిషిని. బిందె మెడ చుట్టూ వేపరెమ్మలు తోరణంలా కట్టాను. నెత్తిన గుడ్డచుట్ట, దానిమీద బిందె. నాలుగింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.

నన్నొకసారి ఊహించుకోండి. తెలంగాణ తెలిసినవాళ్ళకు ఈపాటికే నవ్వొచ్చి ఉంటుంది. నాకేం తెలుసు, ఆషాఢంలో ఇక్కడి ఆడవాళ్ళు అచ్చం ఇదే అవతారంలో, వేపాకు కట్టిన కుండలో అన్నం వండి, నెత్తిన పెట్టుకుని అమ్మవారికి తీసుకెళతారని! దాన్ని బోనం అంటారని!

బస్సు కోసం మాదాపూర్ ఊరి మధ్యకు రాగానే ఒకావిడ పరుగున వచ్చి నా కాళ్ళమీద చెంబుడు నీళ్ళు గుమ్మరించి దండం పెట్టింది. ఎండలో వచ్చినవాళ్ళకు ఎంత మర్యాద చేస్తారో అని పొంగిపోయాను. ఇంకో నాలుగిళ్ళు దాటేసరికి కాళ్ళకింద బురదైంది. సందు తిరిగితే వరసగా ఆడవాళ్ళు, అందరి నెత్తినా బిందెలే! అందరూ ఆసుపత్రికేనేమో అనుకున్నాను, నిజం.

లక్ష్మమ్మ అనే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని వరసలోకి లాగింది. "ఏంది బిడ్డా, బోనం మీద దీపమేది?"

"ఇవి పాలండీ. మా నాన్నకి..."

"పాలబోనమట!" అని ఆవిడ వెనక్కి కేకేసింది. "గోదారి దిక్కోళ్ళు గిట్లనే ఎత్తుతరేమో!"

"అది కాదండీ, ఆయనకి జబ్బు."

"మొక్కుకున్నవా?"

"మొక్కానండీ, కానీ..."

"ఇగ ఫికర్ చెయ్యకు. అమ్మ సూస్తది." ఆవిడ నా బిందె మీద మూకుడు మూసి, ప్రమిద పెట్టి, వెలిగించింది.

ఇక అయిపోయింది. వెలుగుతున్న దీపాన్ని దించే ధైర్యం నాకు లేదు. పక్కకు తప్పుకుందామని ఒక్క అడుగు వేశానో లేదో, ఒళ్ళంతా పసుపు పూసుకున్న పోతరాజు, అమ్మవారి తమ్ముడి వేషమట, నా ముందుకు దూకి కొరడా ఛెళ్ళుమనిపించాడు. బుద్ధిగా వరసలోకి వచ్చేశాను.

"జర దించుకోనా అండీ? ఆలస్యమవుతోంది" అన్నాను, వాళ్ళ మాట కలిపితే వింటారేమోనని.

"నడుమల దించొద్దు! గుడి ముంగటనే దించాలె" అంది లక్ష్మమ్మ.

సరే, అమ్మవారికి ఒక గ్లాసెడు పోసి మిగతావి తీసుకెళదామని మనసులో బేరం పెట్టుకున్నాను. గుడి దగ్గరి ముసలమ్మకు ఆ బేరం తెలియదు. బిందె అందుకుని, రాతి పోచమ్మ మీద ఒక్క ధారగా వంచేసింది.

"కొంచెం ఉంచండమ్మా!"

"అమ్మకు పోసేకాడ కొంచెమేంది?"

పాలు బండ నెర్రెలోకి ఇంకిపోయాయి. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. డప్పులవాళ్ళు పూనకమనుకుని ఇంకా జోరుగా వాయించారు. లక్ష్మమ్మ ఒక్కతే దగ్గర కూర్చుని అడిగింది. ఈసారి మొత్తం విన్నది.

"అయ్యో నా తల్లీ! ముందుగాల చెప్పరాదు?"

"మూడుసార్లు చెప్పానండీ."

ఆవిడ నన్ను లేవదీసింది. తన బోనంలోని బెల్లమన్నం నా ఖాళీ బిందెలో పెట్టి, పెద్దరోడ్డు దాకా నాతో నడిచి, బస్సెక్కించింది.

ఆసుపత్రి చేరేసరికి రోగులను చూసే వేళ ముగియబోతోంది. నాన్న కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. "పాలు దొరికాయా?"

చెప్పాను. కాళ్ళమీద నీళ్ళు, దీపం, పోతరాజు, అన్నీ. ఆయన కదలకుండా విన్నాడు.

"ఎంత పోశారు?"

"మొత్తం, నాన్నా."

ఆయన అన్నాడు: "పోనీలేవే. ఆవిడైనా కోలుకుంటుంది."

నవ్వాడు. నవ్వు దగ్గైంది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వులోనే నోరు తెరిస్తే బెల్లమన్నం పెట్టాను. మూడు ముద్దలు దిగాయి.

మర్నాడు మేకపాలు తెచ్చాను, ఆ మర్నాడూ తెచ్చాను. అవి ఆయన్ను నిలపలేదు. పంతొమ్మిది రోజులున్నాడు. ఆ మూడు ముద్దలు పెట్టే భాగ్యం నాకు దక్కింది. లక్ష్మమ్మ ఏ లోకంలో ఉన్నా ఆవిడ చేతికి నా నమస్కారం.

ఇక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఆషాఢమాసపు ఆదివారాల్లో కొబ్బరినూనె తప్ప మరే పదార్థాన్నీ నా తలమీద మోయను. ఇందుకు సూర్యచంద్రులు సాక్షులు. పోచమ్మతల్లిని మాత్రం సాక్ష్యానికి పిలవను. ఈ వ్యాజ్యంలో ఆవిడ కక్షిదారు.