లాజరు ఇంట్లో తుడిచిన గాలి మీటరు

1983 వేసవిలో పాతబస్తీలోని ఒక ప్రభుత్వ రంగ సంస్థ గ్యారేజీలో నన్ను అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా వేశారు. ప్రొబేషన్ ఇంకా మూడు నెలలుంది. నా కింద మెకానిక్ లాజరు నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆ నెలలోనే అతని పేరు హెడ్ మెకానిక్ ప్రమోషన్ జాబితాకెక్కింది.

అతిథుల కోసం మాకొక విదేశీ కారుండేది. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్ దానికి లేదు. ఇంజనులోకి ఎంత గాలి పోతున్నదో కొలిచే మీటరుండేది. అందులోని చిన్న రేకు తలుపు గాలి తోపుకు ఎంత తెరుచుకుంటే పెట్రోలు అంతే అందుతుంది. దుమ్ము, జిడ్డు పట్టి ఆ తలుపు బిగుసుకుంది. కారు స్టార్టయిన వెంటనే ఆగిపోతున్నది. కొత్త మీటరు మాకు దొరకదు. ఎల్లుండి ఛైర్మన్ రాక.

మా షెడ్డులో పక్కనే బ్రేకు లైనింగులు అరగదీస్తారు. "ఈ దుమ్ముల ఇప్పితె ఇంకింత ఖరాబైతది సార్. మా ఇంట్ల సాఫ్ జేస్కొస్త" అన్నాడు లాజరు. ఏ పార్టు బయటికి పోవాలన్నా ఫోర్‌మన్ సంతకంతో గేటు పాసుండాలి. ఫోర్‌మన్ ఆ రోజు సెలవు. "టిఫిన్ సంచిలో పెట్టుకొని పో అన్నా, నేను చూసుకుంటా" అన్నాను.

సాయంత్రం పురానాపూల్ దగ్గర అతని ఇంటికి నేనూ వెళ్లాను. అతని భార్య మరియమ్మ స్టవ్వు ఆర్పి, గచ్చును తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను ఆపింది. తలుపును వెనక్కి లాగి మూసే స్ప్రింగు ఉండే సీలు మూత జోలికి లాజరు పోలేదు. దాని బిగువు మారితే పెట్రోలు లెక్కే తప్పుతుంది. మెత్తని పాత గుడ్డను పెట్రోల్లో ముంచి, గట్టిగా పిండి, రేకు అంచు వెంట ఒకే వైపుకు తుడిచాడు. నల్లబడిన గుడ్డను మళ్లీ ముంచలేదు, కొత్తది తీశాడు.

"మా తలుపు ఏడాది సంది కిర్రుమంటున్నది. దానికి చుక్క నూనె పొయ్యనీకి తీరదు. సర్కారు తలుపుకు మాత్రం మస్తు సేవ!" అన్నది మరియమ్మ.

"నవ్వియ్యకే. ఊపిరి తగిలినా కదుల్తదిది."

చివరికి చిటికెన వేలితో నొక్కి వదిలాడు. తలుపు ఎక్కడా ఆగకుండా తనంతట తానే మూసుకుంది. అంత తేలికైన చేతిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

మర్నాడు లాజరు లోపలికి వస్తుంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు సంచి తెరిపించాడు. నన్ను పిలిచి, మీ అనుమతి ఉందా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. లాజరు నా వైపు ఒక్కసారి చూశాడు. "నేనే తీస్కపోయిన సాబ్. ఎవర్నీ అడగలే."

గంటలో చేతికొచ్చిన మెమో జేబులో పెట్టుకొనే అతను మీటరు బిగించాడు. "లాజరన్నా..." అని నేను మొదలుపెట్టబోతే, "ముందుగాల చాబీ తిప్పుండ్రి సార్" అన్నాడు. కారు ఒక్క తిప్పుకే అందుకుంది.

జాబితాలోంచి అతని పేరు తీసేశారు. కారు బాగు చేయించినందుకు నా ఫైలులో మంచి మాట రాశారు. మెమోలో "అనుమతి లేకుండా" అని ఉంది. అనుమతి ఇచ్చింది నేను. అప్పుడు చెప్పవలసిన ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను.

నోటితో ఇచ్చిన ఆదేశం, ఇచ్చినవాడు దాని వెనుక నిలబడితేనే ఆదేశం. నేను ఫోర్‌మన్‌నయ్యాక, వీఆర్ఎస్ తీసుకునేదాకా, ముందు పాసు మీద నా సంతకం పెట్టి, ఆ తర్వాతే పార్టు ఎవరి చేతికైనా ఇచ్చాను. లాజరు మెకానిక్‌గానే రిటైరయ్యాడు. అతని పనికి అది తగిన హోదా కాదు.